గోషాలో అల్లిన గులాబీలు



గోషా అన్న మాటకి పారసీలో అసలు మానీ 'మూల'. మూలన కూర్చోవడం, పరాయివాళ్ళ నజర్ పడకుండా ఉండటం, అలా అలా పర్దాకి ఇంకో పేరైపోయింది. గోదావరి జిల్లాల్లో ఈ మాట ఒక్క మా ముస్లిం ఇళ్ళకే చెందింది కాదండీ. "వాళ్ళది గోషా కుటుంబం, ఆడోళ్ళు గడప దాటరు" అని కాపుల ఇళ్ళ గురించి చెప్పుకోవడం నా చిన్నప్పుడు మామూలే. పారసీ మాట, హిందూ కొంప, మధ్యలో తెల్లదొరల దారం. ఈ మూడూ కలిసిన చోట పుట్టిన దస్తకారీ ఒకటుంది. దాన్నే జమానా అంతా నరసాపురం లేసు అంటుంది. పేరు నరసాపురానిదే గానీ, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటితే చాలు, ఇటు పక్క మలికిపురం, రాజోలు, అమలాపురం దాకా అదే సూది, అదే దారం. కోనసీమ ఆడవాళ్ళ వేళ్ళకి ఆ హునర్‌లో సగం వాటా ఉంది.

మా నానీ కూడా అల్లేది. రాజోలు పక్క పల్లెలో, పెంకుటింటి వసారాలో, తఖ్త్ మీద కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో తెల్ల గుడ్డ పరుచుకుని. గుడ్డ ఎందుకంటే దారానికి మట్టి అంటకూడదు, మట్టి అంటితే ఏజెంటు కోత పెడతాడు. ఆవిడ ఎక్కువగా అల్లినవి టేబుల్ మేట్లు. మా ఇంట్లో టేబుల్ లేదు. నేల మీద దస్తర్‌ఖాన్ పరుచుకుని తినేవాళ్ళం. ఎవరి టేబుల్ మీదకో, ఏ దేశానికో పోయే పువ్వుల్ని ఆవిడ వేలకి వేలు అల్లింది. ఇంటికోసం అల్లింది చాలా తక్కువ. రంజాన్ దగ్గర పడితే సొంత దారం కొనుక్కుని మగపిల్లలకి జాలీ టోపీలు, ఖురాన్ షరీఫ్ జుజ్‌దాన్‌కి ఒక అంచు, అంతే.

ఈ రోజు నేను రాయాలనుకున్నది నానీ గురించి కాదు లెండి. నానీ అల్లిన దానికి అక్కాచెల్లెళ్ళ లాంటి పనిని నేను ఏయే అజాయబ్‌ఘర్‌లలో చూశాను, అక్కడ నాకోసం సొరుగులు తెరిచిన మంచి మనుషులెవరు, వాళ్ళ దగ్గర ఏం నేర్చుకున్నాను అన్నది.

అందరిలాగే నా మొదటి మ్యూజియం సాలార్‌జంగ్. స్కూలు ఎక్స్‌కర్షన్‌లో వెళ్ళాను. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్, 1949లో పోయాక ఆయన పోగేసిన సామాన్లతోనే దివాన్ దేవ్‌డీలో 1951 డిసెంబర్ 16న నెహ్రూ గారు ఆ మ్యూజియం తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న ఇమారత్‌కి 1968లో మారింది. పిల్లలంతా సంగీత గడియారం దగ్గర గుంపుగా నిలబడితే నేను ముసుగు రెబెక్కా దగ్గర ఆగిపోయాను. బెంజోని అనే ఇటలీ శిల్పి పాలరాతితో చెక్కిన పర్దా అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. రాయి గుండా మొహం కనిపిస్తుంది! తరవాత చాలా ఏళ్ళకి టీచరుగా నేనే పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు బట్టల గ్యాలరీలో ఒక పెద్దాయన, అక్కడి ఉద్యోగి, మా వెంట నడిచి చికన్ పనిలో జాలీ ఎలా వస్తుందో చెప్పాడు. దారాలు కోయరట బేటా, సూదితో పక్కకి లాగి ముడి వేస్తారు, కన్నం దానంతట అదే తెరుచుకుంటుంది అన్నాడు. లేసుకీ దానికీ తేడా ఏమిటని ఓ పిల్ల అడిగింది. చికన్‌కి ముందు గుడ్డ ఉంటుంది, తరవాత కన్నం వస్తుంది. లేసుకి గుడ్డే లేదు, కన్నాల చుట్టూ దారం తిప్పుతారు అని జవాబు చెప్పాడు. ఆ తరవాత నేను చదివిన లేసు కితాబుల్లో ఎక్కడా ఇంత సాఫ్‌గా చెప్పిన వాక్యం దొరకలేదు.

మావారి నౌకరీ కువైట్‌లో ఉన్నప్పుడు రెండేళ్ళు నేనూ అక్కడే ఉన్నాను. కోనసీమ వాళ్ళకి కువైట్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు, ఆయ్. అక్కడ జాబ్రియాలో తారిక్ రజబ్ మ్యూజియం ఉంది. తారిక్ సయ్యద్ రజబ్, ఆయన బేగం జెహాన్ కలిసి పోగేసిన సొంత ఖజానా అది, 1980లో తెరిచారు. 1990లో ఇరాక్ ఫౌజు వచ్చి పడినప్పుడు ఆ కుటుంబం దేశం వదలకుండా అక్కడే ఉండి, విలువైన ఇస్లామీ సామాన్లని గోడ కట్టి దాని వెనక దాచేసింది. జెహాన్ గారు ఆ రోజుల గురించి ఒక పుస్తకం రాశారు, ఫలస్తీనీ ఆడవాళ్ళ దుస్తుల మీద ఇంకొకటి రాశారు. అక్కడ నేను చూసిందాంట్లో లేసు కన్నా కసీదా పనే ఎక్కువ. ఆ కుట్టు చూసి ఇది ఏ ఊరిదో చెప్పేవాళ్ళు ఉన్నారని అక్కడే తెలిసింది. రామల్లా దానికి ఒక తీరు, బేత్‌లెహేమ్ దానికి ఇంకో తీరు. ఊరు పోయినా ఊరి పేరు కుర్తా ఛాతీ మీద ఉంది. మన రాజోలు పువ్వుకీ పాలకొల్లు పువ్వుకీ తేడా చెప్పగలవాళ్ళు ఎంతమంది మిగిలారో అని అప్పుడు మొదటిసారి అనిపించింది.

ఇక అసలు కిస్సా. 2016లో లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ళ బట్టల భండారం అప్పట్లో ఒలింపియా దగ్గర బ్లైత్ హౌస్‌లో ఉండేది. క్లాత్‌వర్కర్స్ సెంటర్ అని 2013లో తెరిచారు. ఆ బిల్డింగు ఒకప్పుడు పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు హెడ్డాఫీసు, ఎర్ర ఇటుకల కోటలా ఉంటుంది. ముందుగా రాసి తారీఖు తీసుకోవాలి, ఏ ఏ వస్తువులు చూడాలో నంబర్లతో సహా చెప్పాలి. నాకు డిగ్రీలు, సిఫారసు ఉత్తరాలు ఏమీ లేవు. గోదావరి డెల్టాలో లేసు అల్లిన ఒక ఆడమనిషి మనవరాల్ని, ఐర్లండ్ క్రోషా చూడాలని ఉంది అని రాశాను. సరే రమ్మన్నారు. మన దగ్గర ఒక చోట (పేరు చెప్పను) ఇలాగే అడిగితే "ఏ యూనివర్సిటీ అండి?" అని అడిగి, ఏదీ కాదంటే ఫైలు మూసేశారు. అందుకే ఆ రమ్మన్న ఉత్తరాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

లోపలికి వెళ్ళగానే పెన్ను తీసి పెట్టేయాలి, పెన్సిలే. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోవాలి. గ్లవుజులు ఇస్తారనుకున్నాను. లేసుకి గ్లవుజులు వద్దు, బట్ట పోగు దారానికి తగులుకుంటుంది, శుభ్రమైన వట్టి చేతులే నయం అని అక్కడి అమ్మాయి చెప్పింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకి. పెద్ద బల్ల, దాని మీద తెల్ల కాగితం, ట్రేలో యాసిడ్ లేని పల్చటి కాగితాల మధ్య లేసు. కాగితం తీస్తుంటే ఆ పిల్ల ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంది. కింద నల్ల మఖ్మల్ ముక్క వేసింది, తెల్ల దారం తేలి కనబడాలని.

గులాబీ. మధ్యలో చిన్న గుండ్రం, దాని చుట్టూ రెక్కలు మూడు వరసలు, ఒకదాని వెనక ఒకటి, వెనక వరస ముందు వరస కన్నా కొంచెం పెద్దది. రెక్కలు బల్లపరుపుగా పడుకోవు, లేచి ఉంటాయి, ఎందుకంటే లోపల లావు దారం పెట్టి దాని మీద అల్లారు. భూతద్దం కూడా అక్కర్లేకపోయింది నాకు. మా నానీ గులాబీ ఇదే. లోపల లావు దారం మన దగ్గర వాడరు, అదొక్కటే తేడా. రెక్క మొదలుపెట్టేటప్పుడు వెనక నుంచి వేసే గొలుసు అదే, వరస మారేటప్పుడు సూది తిప్పే పద్ధతి అదే. బ్యాగులో నానీ అల్లిన మేటు ఒకటి తీసుకెళ్ళాను, పక్కన పెట్టనిస్తారా అని అడిగాను. ఆ పిల్ల ముందు దాన్ని తిప్పి తిప్పి పురుగు ఉందేమో చూసింది, వాళ్ళ ఖాయిదా అది. తరవాత వేరే కాగితం పరిచి, రెంటి మధ్య జానెడు దూరం ఉంచి పెట్టింది. ఇద్దరం చాలాసేపు చూశాం. ఆ గదిలో లైటు మసగ్గా ఉంటుంది, మ్యూజియంల వాళ్ళు బట్టల మీద 50 లక్స్‌కి మించి వెలుతురు పడనివ్వరు. మా నానీ వసారాలో సాయంత్రం దీపం పెట్టే ముందు ఉండే వెలుతురు సుమారు అంతే అనుకుంటా.

ఐర్లండ్ పువ్వు రాజోలు ఎలా వచ్చిందో మీకు చెప్పాలి. ఇక్కడ తారీఖ్ కొంచెం చిక్కు పడి ఉంది.

ఐర్లండ్‌లో 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఘోరమైన కరువొచ్చింది. అప్పుడు కార్క్ దగ్గర బ్లాక్‌రాక్‌లో అర్సులైన్ సిస్టర్లు, క్లోన్స్ ఊళ్ళో పాదిరీ గారి భార్య కసాండ్రా హ్యాండ్, ఆడవాళ్ళకి క్రోషా నేర్పించి దాన్ని అమ్మిపెట్టి పొట్టలు నింపారు. కసాండ్రా గారు 1847లో మొదలుపెట్టారు. వెనిస్ సూది లేసుని చూసి దాన్ని కొక్కెం సూదితో త్వరగా తీసే ఉపాయం అది. ఒక పువ్వుకి సూది లేసులో రోజులు పడితే క్రోషాలో గంటల్లో అయిపోతుంది. ఆకలికి ఆగే తీరిక లేదు కదా.

మన వైపు చూస్తే, డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో, ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇండియా వచ్చారు. తరవాత బౌడెన్ కుటుంబం పాలకొల్లులో, బీర్ కుటుంబం నరసాపురంలో కుదురుకున్నాయి. 1833 నందన కరువు దెబ్బ నుంచి డెల్టా ఇంకా తేరుకోని రోజులు, కాటన్ దొర ఆనకట్ట పని 1847 దాకా మొదలవలేదు. మొదట ఇసాయీలైన మాల, మాదిగ కుటుంబాల ఆడవాళ్ళకి ఈ పని నేర్పారు. అక్కడా కరువే, ఇక్కడా కరువే. రెండు చోట్లా చర్చి వాళ్ళ చేతిలోంచే సూది వచ్చింది.

ఇప్పుడు ఎక్కడ చూసినా రాసే కథ ఇంకొకటి ఉంది: మెక్రే అనే దంపతులు 1844లో దుమ్ముగూడెంలో లేసు నేర్పారని, అక్కడి నుంచి గోదారి వెంట దిగిందని. నాకు ఆ సంవత్సరం మీద యఖీన్ కుదరదు. దుమ్ముగూడెంలో కోయ మిషన్ పెట్టింది గోదావరి పడవ దారి పనుల మీద వచ్చిన ఇంజనీరు హేగ్ దొర, అది 1860 ప్రాంతం మాట. పైగా 1844 నాటికి ఐర్లండ్‌లోనే కరువు క్రోషా పుట్టలేదు. దుమ్ముగూడెంలో లేసు లేదని కాదు, ఉంది. కానీ మూడు వరసల గులాబీ మన దగ్గరికి వచ్చింది ఆ శతాబ్దం రెండో సగంలో అనే నా అందాజా. పువ్వే నాకు గవాహీ. కాగితం మీది తేదీ మార్చి రాయొచ్చు గానీ, రెక్కల వరసల్ని మార్చి అల్లితే అది వేరే పువ్వు అయిపోతుంది.

బౌడెన్, బీర్‌ల ఊరు డెవన్ కాబట్టి, అదే ప్రయాణంలో అమ్మాయి సెలవు పెట్టి నన్ను హానిటన్ తీసుకెళ్ళింది. ఆల్‌హాలోస్ మ్యూజియం అని పాత చాపెల్‌లో చిన్నది. నడిపేది ఊరి జనం, ఖిద్మత్ కోసం. హానిటన్‌ది మన రకం కాదు. దిండు మీద గుండుసూదులు గుచ్చి, చెక్క కడ్డీలకి చుట్టిన దారాల్ని ఒకదాని మీద ఒకటి వేస్తూ అల్లేది. మన దేశంలో నాగర్‌కోయిల్లో మిషనరీ భార్య మార్తా మాల్ట్ 1820ల్లో నేర్పింది ఆ తరహానే. ఒక ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని అల్లుతూ ఉంది. నేను నానీ సూది తీసి చూపించాను. ఆవిడ దాన్ని వేలి మీద పెట్టుకుని, అరిగిన చోట బొటనవేలు ఆనించి, కుడి చేతి వాటమా అంది. అవును. అంతే, ఇక ఆవిడ నన్ను వదల్లేదు, రెండు గంటలు ప్రతి అలమారా చూపించింది.

విక్టోరియా రాణి 1840 పెళ్ళి లేసు హానిటన్ రకమే, కానీ అల్లింది అక్కడికి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో. ఆ పల్లె పేరు బీర్! మన నరసాపురం జార్జ్ బీర్ ఇంటిపేరే. ఇత్తెఫాక్ అంటారే, అదే. దీని మీద పెద్ద సిద్ధాంతం కట్టొద్దని నాకు నేనే చెప్పుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. రెండు వందల మందికి పైగా ఆడవాళ్ళు ఆ పెళ్ళి లేసు మీద పనిచేశారు. ఎలా చేశారంటే, ఒక్కొక్కరూ ఒక్కొక్క పువ్వో ఆకో విడిగా. తరవాత వాటిని వేరేవాళ్ళు కలిపారు. చాలామంది పువ్వు అల్లిన చేతులు మొత్తం పర్దా ఎలా ఉందో చూసి ఉండవు.

ఐర్లండ్‌లోనూ ఇదే. ఒక ఇంటికి గులాబీ, ఒక ఇంటికి ద్రాక్షాకు, కలిపేది ఇంకొకరు. మన దగ్గర దీనికి చక్కటి తెలుగు మాటలే ఉన్నాయి, చేతిపని, అతుకుపని. పువ్వు అల్లేది చేతిపని. పువ్వుల్ని వలతో జోడించేది అతుకుపని. మా నానీ జిందగీ అంతా చేతిపనే చేసింది, ఒక్క పూర్తి బెడ్‌కవరు ఆవిడ చూడలేదు. ఏజెంటు వచ్చి పువ్వులు లెక్కపెట్టుకుని, ముక్కకి ఇంత అని ఇచ్చి, కొత్త దారం పడేసి సైకిలెక్కేవాడు. అవి ఏ ఊళ్ళో అతుకు పడ్డాయో, ఏ ఓడ ఎక్కాయో ఆవిడకి ఖబర్ లేదు. హానిటన్ ముసలావిడ ఇంకో సంగతి చెప్పింది. అక్కడ వ్యాపారి డబ్బు ఇవ్వకుండా తన దుకాణంలో సరుకులు ఇచ్చేవాడట, అతను చెప్పిన ఖరీదుకి. చట్టాలు చేసినా చాలాకాలం ఆగలేదట. అది వింటుంటే మన దళారీ, బాకీ, జమా, నమూనా, రసీదు అన్న మాటలు వరసగా గుర్తొచ్చాయి. లేసు దొరలదైనా దాని లెక్కంతా తెలుగులో మన ఉర్దూ మాటలతోనే నడిచింది.

ఇదంతా దేశానికి చాటింది మన ప్రొఫెసర్లు కాదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. 1978, 79ల్లో నరసాపురం చుట్టుపక్కల తిరిగింది. అప్పుడు నేను హైస్కూలు పిల్లని. ఆవిడ కితాబు 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు' 1982లో లండన్‌లో అచ్చయింది. రోజుకి ఆరేడు గంటలు కూర్చుని అల్లితే చేతికొచ్చేది రూపాయి కూడా లేదని, పొలం కూలికెళ్ళే ఆడదాని కన్నా ఇది హీనమని లెక్క కట్టి చూపింది. కాపు ఆడవాళ్ళు పొలానికి ఎందుకెళ్ళరు అంటే ఇజ్జత్. గోషా మనిషి బురదలో దిగదు. ఇంట్లో కూర్చుని అల్లితే అది పని కాదు, కాలక్షేపం. పని కానప్పుడు కూలి ఎంతైతేనేం? లక్షకు పైగా ఆడవాళ్ళు ఈ పనిలో ఉంటే సర్కారీ జనాభా లెక్కల్లో కనబడింది కొన్ని వేలమందే. మిగతా అందరూ 'గృహిణి' ఖానాలో కలిసిపోయారు. ఆవిడ ఈ తంతుకి పెట్టిన పేరు, ఆడవాళ్ళని గృహిణులుగా మార్చేయడం అన్న అర్థం వచ్చే మాట, ఇవాళ లోకమంతా చదువుకుంటోంది. మరియా మీస్ 2023లో పోయారు. మన పత్రికల్లో రెండు వాక్యాలు కూడా నాకు కనబడలేదు.

ఆవిడ రాసినదాంట్లో నాకు ఒక్క విషయంలో ఇఖ్తిలాఫ్ ఉంది. అల్లేవాళ్ళకి తమ పని ఖీమత్ తెలియదని ఆ పుస్తకం చదివితే అనిపిస్తుంది. మా నానీకి తెలుసు. పువ్వు చూసి ఇది ఎవరి చేతిదో చెప్పేది. "ఇది రెహానా చెయ్యి కాదు, దాని కోడలు అల్లింది, గొలుసు బిగించింది చూడు" అనేది. అడగడానికి చోటు లేదు, అంతే. మూలన కూర్చున్నవాళ్ళు బజారులో ధర ఎలా అడుగుతారు?

బ్లైత్ హౌస్‌కి మళ్ళీ వస్తాను. ఆ గులాబీ కింద చీటీలో దేశం, శతాబ్దం, రకం, నంబరు ఉన్నాయి. అల్లినవాళ్ళ పేరేది అని అడిగాను. ఆ పిల్ల సిగ్గు పడినట్టు నవ్వి, మాకు ఇచ్చినవాళ్ళ పేరు రిజిస్టరులో ఉంటుంది, అల్లినవాళ్ళ పేరు ఇచ్చినవాళ్ళకే తెలిసి ఉండదు అంది. మ్యూజియం అబద్ధం రాయదు, తెలియనిది ఖాళీ వదిలేస్తుంది. అక్కడి పాత ఉస్తాదు శాంటినా లెవీ, బట్టల విభాగానికి కీపర్‌గా చేసి 1983లో లేసు చరిత్ర అని లావుపాటి గ్రంథం రాశారు. దాని నిండా లేసు వేసుకున్నవాళ్ళ పేర్లు ఎన్నో, అల్లినవాళ్ళవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆవిడ తప్పు కాదు, రాసిపెట్టినవాళ్ళు లేకపోతే ఎవరు మాత్రం ఎక్కణ్ణించి తెస్తారు. అప్పుడా పిల్ల నానీ మేటు వైపు చూపించి, దీని గురించి మీకు తెలుసు కదా, ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, అవి ఒక గుడ్డ ముక్క మీద రాసి దానితోపాటే ఉంచండి, దానికి కుట్టొద్దు, పక్కన పెట్టండి అంది. మ్యూజియంలో ఉన్నదానికి లేని దౌలత్ మీ చేతిలో ఉంది అన్నట్టుగా చెప్పింది.

ఎలా దాచాలో కూడా వివరంగా చెప్పింది. మీ ఇళ్ళల్లో అమ్మమ్మల లేసు ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను. గంజి పెట్టి దాచకూడదు, గంజికి పురుగు వస్తుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టకూడదు, మన కోనసీమ తేమకి లోపల చెమట పట్టి మచ్చలొస్తాయి. గుండుసూది, స్టేప్లర్ పిన్ను అసలే వద్దు, తుప్పు మరక పోదు. ప్రతిసారీ అదే మడతలో మడిస్తే అక్కడే తెగుతుంది, అందుకని పాత మల్లు గుడ్డ, చాలాసార్లు ఉతికి రంగూ గంజీ పోయినది, దాన్ని చుట్టలా చేసి దాని మీద లేసుని చుట్టాలి. చెక్క బీరువా అరలో నేరుగా పెట్టకుండా కింద గుడ్డ వేయాలి. నాఫ్తలీన్ ఉండలు తగలకూడదు. ఏడాదికి రెండుసార్లు తీసి నీడలో గాలికి పరచాలి. మేం మా ఇంట్లో వానాకాలం అయ్యాక ఒకసారి, రంజాన్ ముందు ఒకసారి తీస్తాం.

తరవాత బ్లైత్ హౌస్ ఖాళీ చేశారు. ఆ భండారం తూర్పు లండన్‌లో కొత్త చోటికి మారింది, వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ అని, 2025 మే 31న తెరిచారు. ఇప్పుడు ఎవరైనా సరే ఆన్‌లైన్‌లో వస్తువుని ఎంచుకుని, ముందుగా తారీఖు తీసుకుని వెళ్ళి చూడొచ్చు. టికెట్టు కూడా లేదు. లండన్‌లో ఉన్న మన పిల్లలు మాల్స్‌కి తిరిగే శనివారాల్లో ఒకటి దీనికివ్వండర్రా.

మన వైపు సంగతి కూడా చెప్పాలి. నరసాపురం పక్కన రుస్తుంబాదలో లేసు ట్రేడ్ సెంటర్ ఉంది, అక్కడ ఆడవాళ్ళ సొసైటీలు పని చేస్తాయి. రుస్తుం పేరున్న ఊరు, పారసీ పహిల్వాన్ పేరు, నాకు ఆ పేరు పలకడమే ఇష్టం. నరసాపురం క్రోషా లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. చైనా మిషన్ లేసు దెబ్బకి కుదేలైన పనికి ఒక ముద్ర అయినా దొరికింది. కానీ జీఐ అనేది ఊరి పేరుకి హామీ, మనిషి పేరుకి కాదు. చీటీ మీద మళ్ళీ ఊరే ఉంటుంది.

అందుకే రిటైరయ్యాక ఒక రిజిస్టరు పెట్టాను. పాత అటెండెన్స్ రిజిస్టరే, ఖానాలు ముందే గీసి ఉంటాయి. అల్లినావిడ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ పువ్వు బాగా వచ్చు, చేతిపనా అతుకుపనా, ఎన్నో ఏట మానేసింది. ఒక్కో పేరు పక్కన ఆవిడ అల్లిన చిన్న ముక్క, లేకపోతే ఫోటో. పోయినవాళ్ళయితే కూతుళ్ళని అడుగుతున్నాను. మొదట్లో ఎవరూ పేరు చెప్పేవారు కాదు, రేషన్ కార్డు కోసమా, లోన్ కోసమా అని అడిగేవారు. ఏమీ లేదమ్మా, పేరు రాసుకుంటానంతే అంటే వింతగా చూసేవారు. మలికిపురంలో ఎనభై దాటిన ఒక కాపు ఆవిడ, చూపు దాదాపు లేదు, నా చేతిలోంచి నానీ గులాబీ తీసుకుని వేళ్ళతో రెక్కలు లెక్కపెట్టి, "మూడో వరస వదులుగా పట్టిందండి మీ అమ్మమ్మగారు, దారం మిగుల్చుకుందావని" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ పేరు నలభై ఒకటో నంబరు. వచ్చే శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక మావారితో సఖినేటిపల్లి వెళ్తున్నాను. రేవు దగ్గర వీధిలో అతుకుపని చేసినావిడ ఒకరున్నారట, పూర్తి బెడ్‌కవరు కళ్ళారా చూసిన మనిషి.